ఏం తిన్నావో ముందు రాయి

మా వార్డెన్ ఆంటీ పోయిన శుక్రవారం ఎల్బీ నగర్‌లోని ఒక దవాఖానలో గుండెపోటుతో చనిపోయారు. ఆమె దినం కూడా కాకముందే మా హాస్టల్ ఓనర్ డాబా మీది గదికి తాళం వేసి, అందులో మంచాలు వేయించడానికి పనివాళ్లను మాట్లాడాడు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన రాయడం మర్యాద కాదని కొందరు అంటారు. పక్కపక్కనే జరిగాయి, పక్కపక్కనే రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుతున్న అక్కచెల్లెళ్లకు ఆ గది గురించి చెప్పాలి. రేకుల కప్పు, ఒక ఫ్యాను, నీలం ప్లాస్టిక్ చాప, ఖాళీ పచ్చడి సీసా నిండా పెన్నులు. కిటికీలోంచి చూస్తే ఎల్బీ నగర్ వైపు పోయే మెట్రో రైలు కనిపిస్తుంది. రోజూ సాయంత్రం ఆరింటికి అక్కడ కూర్చుని ఎవరి డైరీ వాళ్లం రాసుకునేవాళ్లం. ఒకరి రాత ఇంకొకరు చూడకూడదు. లేచే ముందు మాత్రం ప్రతి ఒక్కరూ తమ మొదటి వాక్యం పైకి చదవాలి. ఆ మొదటి వాక్యం దేని గురించో ఆంటీయే నిర్ణయించారు: ఈరోజు ఏం తిన్నాను.

"మనసు సంగతి తర్వాత రాద్దువుగాని, ఏం తిన్నావో ముందు రాయి," అనేవారు.

ఆమెది గుంటూరు వైపు. భర్త పోయాక వనస్థలిపురంలో చెల్లెలి ఇంట్లో కొన్నాళ్లుండి, ఊరికే కూర్చోలేక మా హాస్టల్‌కు వచ్చారు. ఆ రోజుల్లో నిద్ర పట్టడం లేదని డాక్టర్ దగ్గరికి వెళ్తే, మందులతో పాటు రోజూ నాలుగు మాటలు రాసుకోమన్నారట. ఏం రాయాలో తోచక తిన్నవి రాశారట. "కొన్నాళ్లకి వెనక్కి తిప్పి చూసుకుంటే ఎక్కడా అన్నం లేదమ్మా. నేనేమో బాగానే ఉన్నాననుకుంటున్నా," అని ఆమె మాకు చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నవ్వేవారు. మేం నవ్వేవాళ్లం కాదు.

మొదట్లో మా రాతలు చూస్తే ఎవరికైనా నవ్వొచ్చేది. పరీక్షలో జవాబులు రాసీ రాసీ చేతికి అదే అలవాటైపోయింది కదా. డైరీకి కూడా మార్జిన్ గీసి, ఉపోద్ఘాతం, కారణాలు, పరిష్కార మార్గాలు, ముగింపు అని గీతలు కొట్టి రాసేవాళ్లం. నేనైతే నా చిరాకుకు చారిత్రక నేపథ్యం కూడా రాశాను. నా రూమ్మేట్, మిర్యాలగూడ దగ్గరి పల్లె పిల్ల, 'బాధ: నిర్వచనం' అని మొదలుపెట్టిన పేజీని తనే గర్వంగా చదివి వినిపించింది. ఆంటీ పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఎవరు దిద్దుతారే దీన్ని? మార్కులు లేవిక్కడ. ఆ ముగింపొకటి అస్సలు రాయకు. రేపు మళ్లీ రాయాలిగా."

నాకు ఆంటీతో పేచీ ఉండేది. నోటిఫికేషన్లు రావు, వచ్చిన పరీక్ష వాయిదా పడుతుంది, దాని మీద అరవాల్సింది పోయి చాప మీద కూర్చుని ఉప్మా తిన్నానని రాసుకోవడం ఏం పని అని నా కోపం. కరపత్రాల్లో చదివినవన్నీ ఆమె మీద కుమ్మరించేదాన్ని. ఒకరోజు గట్టిగానే అడిగాను.

"రాసుకుంటే నోటిఫికేషన్ ఒస్తదా ఆంటీ?"

"రాదు. వచ్చేదాకా నువ్వుండాలిగా."

ధర్నాకు పోవద్దని కూడా ఆమె ఎన్నడూ అనలేదు. తిరిగొచ్చాక గేటు దగ్గరే ఆపి, "అరిచొచ్చావా? మరి ఏం తిన్నావ్?" అనేవారు.

పరీక్ష ఇంకోసారి వాయిదా పడ్డప్పుడు నా రూమ్మేట్ అందరికంటే ఎక్కువ జోకులేసింది. మాకేమీ అనుమానం రాలేదు. సాయంత్రం తన వంతు వచ్చినప్పుడు, "పొద్దున చాయ్, పగటీలి చాయ్," అని చదివింది. అందరం నవ్వాం. మరునాడూ అదే చదివింది. ఆంటీ ఒక్కరే నవ్వలేదు. ఆమె డైరీ అడగలేదు, ప్రశ్నలు వేయలేదు. పప్పన్నం కలిపి తెచ్చి పక్కన కూర్చున్నారు. పొద్దున్నే ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు, ఊరి నుంచి వాళ్లమ్మను పిలిపించారు. ఇంత చిన్నదానికి దవాఖాన ఎందుకని వాళ్లమ్మ పరేషాన్ అయితే, రాసుకుంటే కొంత తెలుస్తుందనీ, తెలిశాక చూపించుకోవాలనీ నచ్చజెప్పారు. ఆ పిల్ల మెల్లగా లేచింది. మళ్లీ మెస్సులో పెరుగు కోసం నాతో కొట్లాడేదాకా వచ్చింది.

గది గురించి అడగడానికి మేమంతా కలిసి ఓనర్ దగ్గరికి పోయాం. ఈ చుట్టుపక్కల పాత భూములున్న కుటుంబం ఆయనది. అరవలేదు, కుర్చీలు వేయించి చాయ్ ఇప్పించాడు.

"గా గది కిరాయికి ఇయ్యాలె బిడ్డా. రాసుకునుడే గదా, మీ మంచాల మీద కూసొని రాసుకోరాదుండ్రి."

మంచం మీద రాసుకోవచ్చు. కానీ మంచం మీద మొదటి వాక్యం ఎవరు వింటారు? ఆయనకు ఇది అర్థం కాలేదు. కాదు, అర్థం చేసుకోవడం ఆయనకు అవసరం లేదు. చాయ్ తాగకుండానే లేచి వచ్చాను.

తాళం పడ్డప్పటి నుంచి నా రూమ్మేట్ ఏం తిన్నదో ఎవరికీ తెలియడం లేదు. ఇద్దరి క్లాసుల వేళలు వేరు, మెస్సుకు పోయే వేళలు వేరు. నిన్న అడిగితే, "తిన్నలే," అని గోడవైపు తిరిగింది. ఆ జవాబు నాకు చాలదు. ఆంటీకైతే అసలే చాలదు.

అందుకే ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు మా హాస్టల్ మెట్ల మీద కూర్చుంటున్నాం. కింది గేటు నుంచి డాబా తలుపు దాకా మెట్టుకొకరం. పక్క హాస్టళ్ల వాళ్లు కూడా రండి. నినాదాలు ఉండవు, నేను కూడా నోరు మూసుకుంటాను. ఒక డైరీ, ఒక పెన్ను తెచ్చుకోండి. ఆ మెట్ల మీదుగా మంచాలు మోసుకెళ్లాలంటే మా మొదటి వాక్యాలన్నీ విన్నాకే మోసుకెళ్లాలి. సోమవారం కూడా ఆరింటికే. మంగళవారం కూడా.

తాళం పడకముందే కిందికి తెచ్చుకున్న నీలం చాప నా దగ్గరుంది. దాన్ని పైమెట్టు మీద, తాళం ముందు పరుస్తాను. దాని మీద గోడ వైపు, ఆంటీ రోజూ కూర్చున్న చోట, రంగు వెలిసి తెల్లబడింది. అక్కడ నా రూమ్మేట్‌ను కూర్చోబెడతాను. మొదట ఆమే చదవాలి. అందరం వింటాం.