అమ్మలు పిలిచిన మధ్యాహ్నం

దయ్యాలూ గాలీ అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. కానీ ఆ మధ్యాహ్నం విన్నది మాత్రం విన్నాను.

ఎనభైల మొదట్లో తాండూరులో చొక్కాలు కుట్టే షెడ్డులో పనిచేసేదాన్ని. బొంబాయి కంపెనీ ఆర్డరు. సరుకు విదేశాలకు వెళ్లేది. పైకప్పు నాపబండలది. సేఠ్ దాని మీదే ఇంకో గది కట్టించి బట్టల బేళ్లు నింపాడు. ఆ బరువుకు కింద గోడ పగుళ్లిచ్చింది. బట్ట ఎవరైనా ఎత్తుకుపోతారని తలుపుకు బయట తాళం. తాళంచెవి వాచ్‌మన్ మల్లయ్య దగ్గర ఉండేది.

నా పక్క మిషన్ మీద కుట్టే షాహిదా ఒకరోజు అడిగేసింది.

"గోడ పర్రెలిచ్చింది సేఠ్, జర సూడుర్రి. మీద కూలితె మేమేం గావాలె?"

"ముందు కంపెనీకి మాల్ పోవాలె. తర్వాత సూద్దాం."

లేబర్ ఆఫీసులోనూ చెప్పాం. ఎవరూ రాలేదు. సేఠ్ వెనక ఒక నాయకుడున్నాడని అందరికీ తెలుసు.

ఆ రోజు అన్నం తిని మళ్లీ కుట్టడానికి కూర్చున్నాం. మిషన్ల మోతలో పక్కమనిషి మాటే వినపడదు. అలాంటిది తలుపు బయటినుంచి మా అమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది.

"సుశీలా, జల్ది ఇట్రా బిడ్డా!"

అమ్మ ఉండేది ఎక్కడో దూరాన మర్పల్లిలో. నేను లేచేసరికి ఆడవాళ్లందరూ లేచి నడుస్తున్నారు. తలుపు బార్లా తెరిచి ఉంది.

బయట ఎండ తప్ప ఎవరూ లేరు. "మా అమ్మీ పిలిచింది" అంది షాహిదా. వాళ్లమ్మ పోయి చాలా కాలమైంది. మాతో కుట్టే బసమ్మను వాళ్లమ్మ కన్నడంలో పిలిచిందట. ఎవరి అమ్మ వాళ్లను పిలిచింది. మా మాటలు పూర్తికాకముందే వెనక కప్పు కూలింది. దుమ్ములో మా మిషన్లు కనపడలేదు.

నాకు భయం వేయలేదు. తెలియకుండానే చేతులు జోడించాను.

ఆ షెడ్డుతో మాకు సంబంధం లేదంది కంపెనీ. ఎవరూ చావలేదు కదా, కేసెందుకన్నాడు నాయకుడు. సేఠ్ పెట్టిన కొత్త షెడ్డు తలుపుకు తాళం ఉండకూడదని మేం బయటే బైఠాయించాం. చివరికి తాళం తీసేశారు.

అమ్మను అడిగితే, ఆ వేళ చేన్లో కలుపు తీస్తున్నానంది.

తలుపెందుకు తీశావని మల్లయ్యనూ అడిగాను.

"మా అమ్మ తియ్యమన్నది. నన్ను కన్ననాడే సచ్చిపోయింది బిడ్డా, ఆమె గొంతు నేనెన్నడు ఇన్లే. గని ఆమెనే అని ఎర్కైంది."