మసి కడిగిన గుర్రం

నా చిన్నప్పుడు, తిరుత్తణి స్టేషను బయట ఇంకా జట్కాబళ్ళు వరుసగా నిలబడే రోజుల్లో, మా తాతయ్య నల్లగుర్రం ఒంటినిండా బొచ్చు రాల్చుకుని మా పరువు తీసింది. అది కొత్తగా కొన్న గుర్రం, మా ఇంట్లో దానికి అదే మొదటి ఏడాది. కొండకు వచ్చినవాళ్ళు గుండు గీయించుకుంటారు కదా, ఇది కూడా మురుగనికి మొక్కుకుందేమోనని బళ్ళవాళ్ళు నవ్వారు.

స్టాండు పెద్దాయన మాత్రం నవ్వలేదు. "మామా, దీనికి గజ్జి పట్టిండాది. మా గుర్రాలకి అంటుకుంటే యాడికి పోయేది? రేపటాల నుంచి వరసలో కట్టొద్దు" అన్నాడు. చలికాలం చివర కొండమీద జరిగే మాసి నెల ఉత్సవానికి వారమే ఉంది. ఆ సవారీలు పోతే మా ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమని నాకు కూడా తెలుసు.

ఎనిమిదేళ్ళదాన్ని, నాకు తోచిన వైద్యం నేను చేశాను. తెల్లవారుజామునే పొయ్యి మసి ఆముదంలో కలిపి గుర్రానికి బొచ్చు రాలిన మచ్చలన్నిటికీ పూశాను. పెద్దాయనకు నచ్చజెప్పి చూద్దామని తాతయ్య చీకట్లోనే బండి కట్టాడు, మసి గమనించలేదు. స్టాండులో ఒక యాత్రికుడు ముద్దుగా దాని వీపు నిమిరి, అదే చెయ్యి తెల్లపంచెకు తుడుచుకున్నాడు. ఇంకేముంది, బళ్ళవాళ్ళంతా మూగారు. "చూసినారా, జబ్బును దాస్తా ఉండారు" అన్నాడు పెద్దాయన.

తాతయ్య మోచేతుల దాకా నల్లగా ఉన్న నా చేతులను ఒక్కసారి చూశాడు. తిట్టలేదు. ముందు ఆ యాత్రికుడికి దండం పెట్టాడు. తర్వాత బొక్కెనతో నీళ్ళు తెచ్చి, సీకాయపొడితో గుర్రాన్ని అక్కడే కడిగి, గోనెపట్టాతో తుడిచి, దువ్వెన నా చేతికిచ్చాడు.

"దువ్వు పాపా. అందురూ చూసేలాగా దువ్వు."

సిగ్గుతో ఏడుస్తూనే దువ్వాను. వెలిసిపోయిన పాత బొచ్చు కుచ్చులుగా ఊడింది. దాని కింద బోడి చర్మం లేదు, పొట్టిగా నిగనిగలాడే కొత్త బొచ్చు ఉంది. తాతయ్య పెద్దాయన చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాడు. "గజ్జయితే పుండుంటాది, పొక్కుంటాది. యాడుందో చూపీప్పా. పొద్దు పెరగతా ఉండాది, చలికాలం బొచ్చు వదిలేస్తా ఉండాది, అంతే."

పెద్దాయన మెడ నుంచి తోక దాకా వెతికాడు. చివరికి "వరసలో కట్టుకో మామా" అన్నాడు. అప్పుడు తాతయ్య అందరికీ వినబడేలా, "మసి పూసింది నా మనవరాలే. దువ్వి నిజం చూపించింది కూడా అదే" అన్నాడు. ఆ మాటకు నా తల ఎంత పైకి లేచిందో చెప్పలేను.

పశువుల డాక్టరు చదువుతున్న నా మనవరాలు మొన్న విడమరిచి చెప్పింది. పగలు పెరిగేకొద్దీ గుర్రం ఒంట్లో ఒక హార్మోను తగ్గి మరొకటి పెరుగుతుందట, దాంతో చలికాలపు బొచ్చు రాలుతుందట. మా తాతయ్యకు బడి మొహం తెలియదు, హార్మోను పేరూ తెలియదు. అయినా పొద్దుకూ బొచ్చుకూ లంకె ఉందని ఆయన ఎప్పుడో పట్టాడని ఊరందరికీ చెప్పుకోవాలనిపిస్తుంది నాకు.

తిరువళ్ళూరులో నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. కుట్టు బాగాలేదని ఎవరైనా అంటే వాదించను. రవికె తిరగేసి లోపలి కుట్టు వాళ్ళ చేతిలోనే పెడతాను. తప్పు నాదైతే వాళ్ళ ముందే విప్పుతాను. అయినా తల దించను.