ఈస్టు వేయకముందు

నంద్యాల బైపాసు పక్కనున్న హోటల్లో బీరు కాచేది రెబెకా. పొద్దున్నే జుట్టు ముడేసి, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజను పటుక్కున కొరుకుతుంది. కరకరలాడితేనే మరకు వేస్తుంది. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలను గోరింటాకులా అరచేతిలో నలిపి ఆ చేదు వాసన పీలుస్తుంది. తయారైన లాగర్ బీరును మాత్రం నాలుకకు తగిలించి ఉమ్మేస్తుంది. చర్చి సంఘపెద్ద బిడ్డ మరి. "బేగా కానీమ్మా, గిరాకీ ఉంది" అని మేనేజరు తొందరపెడితే, చల్లటి ట్యాంకుకు వీపు ఆనించి నిలబడుతుంది. "లాగర్ చలిలో నిదానంగా పులియాల. తొందరుంటే సోడా అమ్ముకో అన్నా" అంటుంది.

ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి ఆమె నాయన పరంజ్యోతి చెప్పకుండా వచ్చాడు, ఆ పని మానిపించి తీసుకుపోదామని. గుమ్మం దాటి లోపలికి రాలేదు. రెబెకా వాదించలేదు. వేడినీళ్లలో నానిన గింజల నుంచి అప్పుడే వడగట్టిన రసాన్ని స్టీలు గ్లాసులో తెచ్చింది.

"ఇంకా పులియబెట్టే ఈస్టు వేయలేదు నాయనా. పులిస్తేనే మత్తు. ఇది ఉత్త గింజల రసమే."

ఆయన వాసన చూసి, ఊదుకుంటూ తాగాడు. గ్లాసు ఖాళీ చేశాడు.

"తియ్యగా ఉందే! నువ్వే చేసినావా?"

"నేనే."

కండువాతో మీసం తుడుచుకుని, ఒక్కడే బస్టాండుకు బయల్దేరాడు. గేటు దగ్గర వాచ్‌మన్, "ఎవరికోసం వచ్చినావప్పా?" అని అడిగాడు.

బీరు మాటెత్తితేనే లేచి వెళ్లిపోయే ఆ సంఘపెద్ద, రోడ్డు మీదకు వినబడేలా చెప్పాడు: "లోపల బీరు కాచేది నా బిడ్డప్పా!"