తోలుకుంటారులే

ఈ ముసురు పట్టినప్పటి నుంచి ధర్మవరంలోని మా ఇంటి బీరువాలో ఏదో చచ్చిందని నా భార్యకు అనుమానం. పట్టుచీరలన్నీ బయటికి తీసింది. వాసన మా నాయన తోలు కోటుదని తేలాక, చీరల పక్కన దాన్ని పెట్టిందెవరని ఇంకో విచారణ మొదలైంది. నేను కోటును వసారాలోకి తెచ్చి, ఎండ తగలని చోట వెడల్పాటి కొయ్య హేంగరుకు తగిలించి, పొడిగుడ్డతో బూజు తుడుస్తూ కూర్చున్నాను.

అది గుర్రం తోలు. తొంభైల చివర్లో మా చిన్నాయన బెంగళూరులో తోలు కోట్లు కుట్టే చోట పనిచేసేవాడు. నాయన పొద్దున్నే, మేమప్పుడున్న పెనుకొండ నుంచి హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు మోటారుసైకిల్ మీద పోతూ వణుకుతున్నాడని, ఒక కార్తీకంలో దీన్ని చేత్తో కుట్టి తెచ్చాడు. అంత మంచితనం మా చిన్నాయనకు అలవాటు లేదు. అవ్వ చూసీచూడగానే "ఆవుదేమో, ఇంట్లోకి తేవద్దురా" అంది. "గుర్రం తోలే అమ్మా" అని చిన్నాయన గట్టిగా ఒట్టేశాడు. ఆవు గండం గడిచింది గానీ, ఆ ఒట్టు గోడ అవతలికి వినపడింది.

గోడ అవతల జట్కా తోలే సాయిబు తాత ఉండేవాడు. ఆటోలొచ్చి బేరాలు పోయి, ఆ ఏడాది వేసవిలోనే తన ఎర్రగుర్రాన్ని హిందూపురం మనిషికి అమ్మేశాడు. బేరం కుదిర్చింది చిన్నాయనే. అప్పగించేటప్పుడు తాత ఒక్క మాటే అడిగాడు: "దీన్ని ఏం చేసుకుంటారబ్బా?" చిన్నాయన బీడీ ఆర్పుతూ "తోలుకుంటారులే మామా" అన్నాడు. బండికి కట్టి తోలుకుంటారని తాత ఆ రోజు నిమ్మళించాడు.

కార్తీకంలో ఆ ఒట్టు విని తాత వచ్చి కోటుకు ముక్కు ఆనించి చూశాడు. దాని రంగూ ఎరుపే.

"తోలుకుంటారంటివి. ఇదేనా తోలుకొనేది?"

"బండి తోలుకుంటారనే అంటి మామా. ఇది బెంగళూరులో కొన్న తోలు" అన్నాడు చిన్నాయన, గోడ వైపు చూస్తూ.

ఇన్నేళ్ల ఇరుగుపొరుగు ఒక్క కోటుతో తెగిపోతుందని అవ్వ అన్నం మానేసింది. మరునాడు నాయన తాతను వెనక కూర్చోబెట్టుకుని హిందూపురం పోయాడు, ఆ చలిలో కోటు లేకుండానే. గుర్రాన్ని కొన్న మనిషి, మడకశిర పక్క ఎవరికో ఇచ్చేశానని, "ఆడ తోలుతాండారు" అని చెప్పాడట. మళ్లీ అదే మాట. తాత మోటారుసైకిలెక్కి ఇంటికి పోదాం పదమన్నాడట.

ఇక మా గడప తొక్కడనుకున్నాం. ఆదివారం పగ్గాలకు రాసే ఆముదం సీసా పట్టుకుని వచ్చాడు. మమ్మల్ని నమ్మి ఆ కోటును వదిలేసే ఉద్దేశం ఆయనకు లేదు. "మడిచి పెట్టొద్దు, ప్లాస్టిక్ కవరు తొడగొద్దు, గాలాడాల" అంటూ అరచేతికి నూనె కాస్తే అంటించుకుని గుర్రాన్ని నిమిరినట్టు మెడ నుంచి కిందికి రుద్దేవాడు. ఎప్పుడూ పైకి రుద్దలేదు. ఆ తర్వాత ఏ ఏడాది నాయన తడిసి వచ్చినా తిట్లు తప్పేవి కావు. "వానలో తోలుకొస్తివా దాన్ని, ఏమప్పా?" అనేవాడు. నాయన తలొంచుకుని కోటు విప్పి ఇచ్చేవాడు. నాకు ఏడుపు వచ్చేది.

తాత లేడు, నాయనా లేడు. హిందూపురంలో ఉన్న చిన్నాయనను మొన్న కూడా అడిగాను. "బెంగళూరు తోలేరా" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆయన్ని నేను నమ్మను. ఏదైనా కాలమే తేలుస్తుందంటారు గానీ ఇది ఏ గుర్రం తోలో ఇన్నేళ్లయినా అది తేల్చలేదు. తేల్చేదాకా నేనూ మెడ నుంచి కిందికే రుద్దుతాను.