అల్లం బస్తా పరీక్ష

మా వంశంలో మొట్టమొదటి డిగ్రీ నాది. ఈ ముక్క చెప్పకపోతే నాకు అన్నం అరగదు, అందుకే ముందే చెప్పేస్తున్నాను. ఆ డిగ్రీ వచ్చిన కొత్తలో, ఎనభైల్లో, జహీరాబాద్ నడిరోడ్డు మీద నేనే ఒక బస్తానైపోయిన వైనం ఇది.

నా చదువు పేరు ఆక్యుపేషనల్ థెరపీ. దెబ్బ తగిలిన మనిషి మళ్ళీ పనిలోకి వెళ్ళొచ్చా లేదా అని తేల్చాలి. తేల్చడానికి పట్నం నుంచి ఒక పరీక్ష పట్టుకొచ్చాను: నేల మీది బరువును ఒంటరిగా ఎత్తితే పాసు, ఎత్తకపోతే ఇంటికి. కొత్త అల్లుడు చేతి గడియారం చూపించినట్టు దాన్ని అందరికీ చూపించేవాణ్ణి.

మొదట దొరికినవాడు మైసయ్య, అల్లం మండీలో హమాలీ. నడుం పట్టేసి చాలాకాలం మంచాన ఉన్నాడు. నేను చేరిన దవాఖాన సరేనంటేనే పని, లేదంటే ఆ చోటు ఇంకొకరికని మండీ మేస్త్రీ చెప్పేశాడు. చెప్పి, దవాఖాన గేటు దగ్గరే బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. కొడుకు సారుగిరీ చూద్దామని మా నాయన కూడా మా ఊరు మొగుడంపల్లి నుంచి దిగాడు.

పరీక్ష కోసం మండీ నుంచి తెప్పించి నేల మీద పెట్టిన అల్లం బస్తా చూపించి లేపమన్నాను. మైసయ్య కదల్లేదు.

"కిందికెల్లి ఒక్కడే ఎవడు లేపుతడు సార్? ఇద్దరు పట్టి వీపు మీదేస్తరు. మాది మోసుడే."

పరీక్షలో అలా లేదన్నాను.

"మండీల గట్లనే చేస్తర్రా," అన్నాడు నాయన మెల్లగా.

డిగ్రీ ఎవరికుందండీ, ఆయనకా నాకా? ఫెయిలని రాయబోయి, పోనీ పాపం, నేర్పుదామనుకున్నాను. మోకాళ్ళు వంచి, పుస్తకంలో బొమ్మలాగే బస్తా పట్టుకున్నాను.

బస్తా లేవలేదు. నేనూ లేవలేదు. నడుం కలుక్కుమంది. బజ్జీల పొయ్యి ఊదేవాడిలా వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను.

ఎముకల డాక్టరుండేది రోడ్డవతల. మైసయ్య వచ్చి వీపు వంచాడు. నాయన ఒకవైపు, కాంపౌండరు ఒకవైపు పట్టి నన్ను దాని మీద వేశారు. బొంబాయి రోడ్డు మీద లారీలు ఆగి మరీ చూశాయి. మైసయ్య మాత్రం పెళ్ళికి పోతున్నంత తీరిగ్గా నడుస్తూ, "జర నొస్తుందా సార్?" అని నన్నే అడిగాడు.

గేటు దగ్గర, వేలాడుతూనే, కాయితం రాసిస్తానని మేస్త్రీకి చెప్పాను.

"ఇంకేం కాయిదం సార్? మైసయ్యను రేపు పొద్దుగాల పంపుండ్రి," అన్నాడు. వెనకే వస్తున్న నాయనను చూసి, "మీ పోరడు మంచిగ తూకమున్నడు పటేలా," అన్నాడు.

లారీ హారన్ల సాక్షిగా ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను: ఎవరికైనా పరీక్ష పెట్టేముందు, వాళ్ళు పని ఎలా చేస్తారో స్వయంగా వెళ్ళి చూస్తాను. కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని, దూరం నుంచే చూస్తాను.