పచ్చ గడి

ఊరందరి ఫోటోలూ దించిన ఆ ఫోటోగ్రాఫరు మహానుభావుడికి, ఇంటావిడ ఫోటో తీసే తీరిక ఆమె మంచాన పడ్డాకగానీ చిక్కలేదు. ఆమె ఎక్కువసేపు కూర్చోలేదు కదా అని, చిన్న డిజిటల్ కెమెరాతో ముందే ఖాళీ కుర్చీ వీపు మీద ఫోకస్ పెట్టాడు. బటన్ సగం నొక్కి, తెర మీద ఫోకస్ కుదిరిందని చెప్పే పచ్చ గడి వెలిగాక అలాగే పట్టుకున్నాడు.

“రావే, ఒక్క క్షణమే.”

ఆమె వచ్చి, నొప్పికి ముందుకు వంగి అంచున కూర్చుంది. ఫోకస్ వెనక కుర్చీ వీపు మీదే ఉండిపోయింది. ఆయన నొక్కేశాడు.

“ఇంకోటి తీస్తానే.”

“రేపు తీద్దువులే, నావల్ల కాదు.”

ఆ రేపు రాలేదు.

ఆమె పోయాక ఫోటో పెద్దది చేశాడు. కుర్చీ అల్లికలో పోగుపోగూ లెక్కపెట్టొచ్చు. ఆమె ముఖమే అలికేసినట్టుంది.

“నాన్నా, ఇందులో అమ్మ కళ్లు తెరిచే ఉందా, మూసుకుందా?” అంది కూతురు.

ఆ వేళ ఆయన చూసింది పచ్చ గడినే.