గెడ్డ ఒడ్డున కొంగపూలు

రాసుకోవే మనవరాలా. నువ్వు ఫోన్లో చూపించి ఆర్కిడ్లన్నావే, వాటిని మేము కొంగపూలు అనేవాళ్లం. మా ఊరి గెడ్డ, అదే వాగు, దాని ఒడ్డున, కాలు పెడితే నీరూరే నేలలో, బాగా ఎండ తగిలే చోట, వానాకాలమంతా తెల్లగా పూసేవి. అచ్చం రెక్కలు విప్పిన కొంగల్లా ఉండేవి.

నిరుడు వానల్లో గజపతినగరం బస్సెక్కాను. మా ఊళ్లోనే ఎక్కినవాడొకడు గోనెసంచితో నా పక్కన కూలబడ్డాడు. సంచిలోంచి కారే బురదంతా నా చీరకే.

"మా ఊర్లో నీకేటి పనిరా?" అన్నాను.

"గడ్డ కోసం వచ్చాను మామ్మా. మొత్తం ఖాళీ సేసీసాను."

బస్సు రొదలో నాకు గెడ్డ అని వినిపించింది. నవ్వొచ్చింది.

"ఇన్ని వానల్లో గెడ్డ ఖాళీ అవడమేట్రా, సన్నాసీ!"

వాడూ నవ్వి సంచి విప్పాడు. అన్నీ కొంగపూల మొక్కలే, వేళ్లతో సహా. మొక్కకి రెండేసి దుంపలు. ముడతలు పడ్డదాన్ని తుంచి, పువ్వుతో సహా నా కాళ్ల దగ్గర పడేశాడు. నిగనిగలాడేది సంచిలో వేసుకున్నాడు.

"ముసల్ది పనికిరాదు మామ్మా. వచ్చే ఏడు మొలిసే పిల్లగడ్డకే గిరాకీ. మందుకి కొంటారు."

"ఒక్కటైనా ఉంచినావేట్రా?"

"నానుంచితే ఇంకోడు తవ్వుకుపోడా?"

ఆ బురద చేత్తోనే జంతిక తీసి నాకు పెట్టబోయాడు. నేను తీసుకోలేదు. లేచి, దిగేదాకా నిలబడే ఉన్నాను.

మర్నాడు తిరిగొచ్చి చూద్దును కదా, గెడ్డ నిండా నీళ్లు. ఒడ్డంతా పందులు కుమ్మినట్టుంది, ఒక్క కొంగపువ్వూ లేదు. వాడన్నది గడ్డే. కానీ నేను విన్నదీ తప్పేం కాదే.